అమ్మమ్మ వాళ్ళమ్మ ఊరు

'మీ సొంతూరేది?' అని అడిగితే మగవాడు ఒక్క మాటలో జవాబు చెప్పేస్తాడు. మనం మాత్రం 'పుట్టినూరా, అత్తగారి ఊరా?' అని తిరిగి అడుగుతాం. పుట్టినూరు పెళ్ళితో మనది కాకుండా పోతుంది. అత్తగారి ఊరు మనదయ్యేసరికి ముసలితనం వస్తుంది. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో చాలా వరకు ఊళ్ళ పేర్లే. ఏ కాలంలోనో ఏ తాతో ఊరు వదిలి వస్తూ దాని పేరు వెంట తెచ్చుకున్నాడు, అది కొడుకులకూ మనవలకూ అందింది. అంటే ఇంటిపేరు వలసకు గుర్తే, కానీ మగవాడి వలసకు. పెళ్ళి పేరుతో తరతరానా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచిన ఆడవాళ్ళ దారి ఏ పేరులోనూ నిలవలేదు.

పీహెచ్‌డీ కోసం ఐదేళ్ళు వలస సాహిత్యం చదివాను. పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వెళ్ళిన వాళ్ళ కథలు అందులో ఒక పెద్ద భాగం. తెలుగు పాఠకులకు వెంటనే గుర్తొచ్చేది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి అనువాదంలో మనలో చాలామంది చదివాం. గాంబియాలోని జుఫురే గ్రామంలో వంశకథలు చెప్పే గ్రియో నోట కుంటా కింటే పేరు వినే ఘట్టం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకోని వాళ్ళు తక్కువ. ఆ గ్రియో మాటల్లో ఎంత నిజముందన్న దానిమీద తర్వాత చాలా చర్చ జరిగింది. నన్ను ఆపింది మాత్రం వేరే విషయం. గ్రియో అప్పజెప్పింది తండ్రులూ కొడుకుల వరుస. కానీ హేలీని అక్కడిదాకా నడిపించిన కథ తల్లివైపు నుంచి వచ్చింది. టెనెస్సీలోని హెన్నింగ్‌లో, ఇంటి వసారాలో కూర్చుని అమ్మమ్మ సింథియా, ఆమె వయసు ఆడవాళ్ళు చెప్పుకున్న కబుర్లవి. ఆ కబుర్లు పట్టుకుని వెళ్ళినవాడికి అక్కడ దొరికింది మళ్ళీ మగవాళ్ళ జాబితాయే.

ఇటలీ నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబాల కథల్లో హెలెన్ బరోలినీ నవల 'ఉంబర్తీనా' (1979) నాకు చాలా దగ్గరగా అనిపించింది. కలాబ్రియా కొండల్లోని ఒక పేద పల్లెలో మేకలు కాసుకున్న ఉంబర్తీనా అమెరికా వెళ్తుంది. పెళ్ళికని ఇష్టంగా చేయించుకున్న దుప్పటిని అక్కడి పేదరికంలో అమ్ముకుంటుంది. ఆ దుప్పటి చివరికి మ్యూజియంలోకి చేరుతుంది. మునిమనవరాలు టీనా దాని ముందు నిలబడి మెచ్చుకుంటుంది కూడా. అది తన ముత్తమ్మమ్మదని ఆమెకు తెలియదు. మా ఇంట్లో అలాంటి దుప్పటి కూడా లేదు. ఉన్నది ఒక ఊరి పేరు మాత్రమే, రావిర్యాల.

అమ్మమ్మ వాళ్ళమ్మను అమ్మ 'పెద్దవ్వ' అంటుంది, నేనూ అలాగే అంటాను. ఆమె రావిర్యాలలో పుట్టి 1930లలో బొంబాయి వెళ్ళింది. అక్కడ కామాఠీపురాలో బతికి, అక్కడే పోయింది. అమ్మమ్మ పుట్టిందీ, అమ్మ పుట్టిందీ అక్కడే. అమ్మ పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చింది. పెద్దవ్వ వదిలి వెళ్ళిన ఊరికి రెండు గంటల దూరంలో అమ్మ నలభై ఏళ్ళు కాపురం చేసింది. ఒక్కసారి కూడా అక్కడికి వెళ్ళలేదు.

కామాఠీపురా అన్నమాట వినగానే చదివేవాళ్ళకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. 'గంగూబాయి కాఠియావాడి' (2022) సినిమా తర్వాత చెప్పనే అక్కర్లేదు. కానీ ఆ పేరు తెలుగు కూలీలది. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టి సముద్రపు నీళ్ళను ఆపాక బొంబాయిలో పల్లపు నేల బయటపడింది. దాన్ని పూడ్చి, రోడ్లు వేసి, మేడలు లేపడానికి నిజాం రాజ్యం నుంచి కూలీలు వచ్చారు. పనిచేసే వాళ్ళు కాబట్టి వాళ్ళను కామాఠీలు అన్నారు, వాళ్ళున్న చోటు కామాఠీపురా అయింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వలస ప్రభుత్వం కనుసన్నల్లో అదే చోటు వేశ్యావాటికగా పేరు మోసింది. కూలీల ఇళ్ళు ఎక్కడికీ పోలేదు. ఒక గల్లీలో తట్ట మోసి వచ్చిన ఆడవాళ్ళు, పక్క గల్లీలో ఒళ్ళమ్ముకోక తప్పని ఆడవాళ్ళు ఉండేవారు. నీళ్ళ కుళాయి దగ్గర ఇద్దరూ కలుసుకునేవారని అమ్మ చెబుతుంది. అయినా బడిలో చిరునామా రాయమంటే 'బొంబాయి-8' అని మాత్రమే రాసేదట. వాడ పేరు రాస్తే పంతులమ్మ చూపు మారిపోయేదట.

ఆ వాడకు ఇంకో చరిత్ర కూడా ఉంది. జోతిరావ్ ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయ కరాడి లింగు వంటి పేర్లు ఫూలే గురించి రాసిన పుస్తకాల్లో కనిపిస్తాయి. ఇవి చదివినప్పుడు గర్వంగానే అనిపించింది. తర్వాత పేజీలు తిరగేస్తూ పోతే తట్టలు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. సముద్రం దాటిన కూలీ స్త్రీల గురించి మనకు కాస్తయినా తెలుస్తుంది. మారిషస్‌కో, నేటాల్‌కో, ఫిజీకో ఒప్పందం మీద పంపే ప్రతి మనిషికీ తెల్లదొరలు కాగితం రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు అన్నీ ఎక్కించారు. అది మనుషులను సరుకులా లెక్కపెట్టిన రాత. అయినా గాయత్రా బహదూర్ 'కూలీ వుమన్' (2013) రాయగలిగింది ఆ కాగితాల వల్లే. ఆమె ముత్తవ్వ సుజారియా 1903లో కలకత్తాలో ఓడెక్కింది. ఒంటరిగా, నాలుగు నెలల గర్భంతో బ్రిటిష్ గయానాకు వెళ్ళింది. ఆ కాగితం పట్టుకుని బహదూర్ బీహారుకు వచ్చి ముత్తవ్వ ఊరు వెతుక్కుంది. మా పెద్దవ్వ ఓడ ఎక్కలేదు, రైలెక్కింది. 1874 నుంచి సికింద్రాబాదు, వాడి మధ్య రైలు నడుస్తోంది. వాడిలో బొంబాయి బండి అందుకోవచ్చు. టికెట్టు కొన్న కూలీ పేరు ఎవరూ రాసిపెట్టరు. గుంపు మేస్త్రీ పుస్తకంలో ఉంటే తలల లెక్క ఉంటుంది. సరిహద్దు దాటనందుకు ఆమె చరిత్రలో వలసమనిషి కూడా కాలేదు.

నేను రావిర్యాల వెళ్ళడానికి కారణం పరిశోధన కాదు, ఒక కాగితం. కామాఠీపురాలో పాత చాళ్ళను కూల్చి కొత్త మేడలు కట్టే ప్రణాళిక కదిలింది. పగిడీ మీద అమ్మమ్మ వాళ్ళు ఉన్న పది బై పన్నెండు గదికి ఇప్పుడు విలువొచ్చింది. మామయ్య అమ్మకు ఒక కాగితం పంపాడు. ఆ గది మీద నాకే హక్కూ లేదు, ఉన్నా వదులుకుంటున్నాను అని అందులో ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి పంపాడు. మామయ్య చెడ్డవాడు కాదు. అమ్మకు ఒంట్లో బాగా లేనప్పుడు రాత్రికి రాత్రి బండెక్కి వచ్చిన మనిషి. ఆడపిల్ల సంతకం పెడుతుందన్న నమ్మకం అతనికి గాలి పీల్చినంత సహజం, అంతే.

అమ్మ ఆ కాగితాన్ని వారం రోజులు దేవుడి అర కింద పెట్టింది. ఒక రాత్రి తనంతట తనే చెప్పింది. ఆ గది తాత తెచ్చింది కాదట. పెద్దవ్వ తట్ట మోసిన డబ్బుతో పగిడీ కట్టిందట. ఇంకో మాట కూడా చెప్పింది. పెద్దవ్వ భర్తతో కలిసి బొంబాయి వెళ్ళలేదు. చిన్న వయసులోనే భర్త పోయాడు. అత్తింట్లో ఉండలేక పుట్టింటికి వచ్చి, అక్కడా ఇమడలేక, ఒక గుంపుతో కలిసి వెళ్ళిపోయింది. బొంబాయిలో మారుమనువు చేసుకుంది. అమ్మమ్మ ఆ మారుమనువు బిడ్డ. ఇది ఎనభై ఏళ్ళుగా మా ఇంట్లో ఆడవాళ్ళ మధ్యే తిరిగింది. 'సంతకం సంగతి తర్వాత చూద్దాం. నువ్వొకసారి ఆ ఊరు పోయి చూసి రా. నా మోకాళ్ళు సహకరించవు' అంది.

స్నేహితురాలి కారులో బయల్దేరాను. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కితే ముప్పావు గంట. రావిర్యాల ఇప్పుడు ఔటర్ మీద ఒక ఎగ్జిట్ పేరు. దిగగానే 2016లో తెరిచిన వండర్‌లా పార్కు వస్తుంది, దాని పెద్ద చక్రాలూ జారుడు గొట్టాలూ దూరం నుంచే కనిపిస్తాయి. ఇంకోవైపు ఫ్యాబ్ సిటీ. చిప్పులు తయారుచేస్తామని 2006లో ఎంతో హడావుడిగా ప్రకటించారు. అనుకున్న చిప్పుల కర్మాగారం రాలేదు. తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్ కంపెనీలు వచ్చాయి. ఇక్కడి నుంచి ఆమనగల్లు దాకా కొత్త రోడ్డు వేస్తున్నారు. ఎక్కడ చూసినా వెంచర్ల బోర్డులు, హద్దురాళ్ళు కనిపించాయి. వాటి మధ్య నుంచి పాత ఊళ్ళోకి దారి ఉంది. ఆ ఊరి నోట దాని పేరు 'రావిరాల'. అమ్మ కూడా అలాగే అంటుంది. పెద్దవ్వ పలికిన తీరు మూడు తరాల తర్వాత అమ్మ నాలుక మీద అలాగే ఉందని అప్పుడు తెలిసింది.

కిరాణా కొట్టు దగ్గర ఆగి అడిగితే అక్కడున్నాయన మొదటి ప్రశ్న 'సర్వే నంబరెంత?' అని. నంబరు లేదన్నాను. 'మరి పాసుబుక్కు? పాత పట్టా?' అన్నాడు. ఏమీ లేవు, ఊరు చూద్దామని వచ్చానంటే నమ్మలేదు. ఎకరం కోట్లు పలికే ఊళ్ళోకి బొంబాయి పేరు చెప్పుకుంటూ ఒక చదువుకున్న ఆడమనిషి వస్తే అనుమానం రాదూ! ఆయన తప్పేమీ లేదు. పూర్వీకుల ఊరికి వెళ్ళడమంటే ఈ రోజు రంగారెడ్డి జిల్లాలో భూమి అడగడమే.

ముదిరాజుల వాడలో ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పక్కన కూర్చున్నాను.

'ఎవరింటికొచ్చినవు బిడ్డా?'

'మా అమ్మమ్మ వాళ్ళమ్మది ఈ ఊరేనట అవ్వా. బొంబాయి పోయింది.'

'ఏమింటోళ్ళు?'

'ఇంటిపేరు తెల్వది. ముత్తరాసోళ్ళు.'

'ఆమె అయ్య పేరేంది?'

'తెల్వది.'

'మరేం తెలుసు నీకు?'

'ఆమె పేరు తెలుసు.'

చెప్పాను. ముసలమ్మ నవ్వింది. 'అది ఊరి దేవత పేరు గదనే. నా పేరు గూడ గదే. మా అత్త పేరు గదే. గీ వాడల ఇంటికొకరుంటరు' అంది. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. తలా ఒక బొంబాయి కథ చెప్పారు. బొంబాయి పోయిన మేనమామ, బొంబాయిలో పోయిన పెద్దనాయన. అవ్వ అంతా విని ఒక మాటంది. 'బొంబాయి మస్తు మంది పోయిండ్రు బిడ్డా. మొగోళ్ళు పండుగలకు వచ్చిండ్రు, పంపకాలకు వచ్చిండ్రు. ఆడోళ్ళు మల్ల రాలే.'

సిద్ధాంత వ్యాసంలో నేను నలభై పేజీల్లో చెప్పిన మాట అదే.

తర్వాత అవ్వ తన సంగతులు చెప్పింది. చెరువులో వల వేసేది మగవాళ్ళు. చేపలు బుట్టకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మింది ఆమె. వాళ్ళింట్లో సొసైటీ సభ్యత్వం మాత్రం భర్త పేర, ఆయన పోయాక కొడుకు పేర. మనవరాలు పార్కులో ఊడ్చే పనికి పోతుంది. మాటల్లో నా పెళ్ళి సంగతి అడిగింది. కాలేదన్నాను. 'అయితే ఏమాయె' అని లోపలికి వెళ్ళింది. చాటలో బియ్యం, రెండు కుడకలు, పసుపు కొమ్ములు తెచ్చింది. 'ఊరి ఆడబిడ్డవు. వట్టిగ పోవద్దు. మీ అమ్మకియ్యి, వండుకొని తినుండ్రి' అంటూ నా చున్నీ కొంగులో పోసింది. పక్కనున్న కోడలు ఏదో అనబోయింది. ఒడిబియ్యం పెళ్ళయిన ఆడపిల్లకు, అదీ ముత్తైదువలే పోయాలి. పోసింది భర్త లేని మనిషి, పట్టింది పెళ్ళికాని మనిషి. అవ్వ కోడలి వైపు చూడను కూడా లేదు.

ఒడిబియ్యం గురించి నా అభిప్రాయం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. పుట్టింట్లో పొలం కొడుకులకు పంచి, ఆ పొలంలో పండిన నాలుగు సోలల బియ్యం ఏళ్ళు లెక్కపెట్టి కూతురి ఒడిలో పోసే ఏర్పాటు అది. భూమికి బదులు బియ్యం. దాన్ని ఆడబిడ్డ గౌరవం అని పాటలు కట్టారు. అయినా ఆ రోజు చున్నీ ముడి వేసుకుంటుంటే గొంతు పూడుకుపోయింది. ఊళ్ళో మా పేరు మీద ఏ గుర్తూ లేదు. ఇంటిపేరు, తండ్రి పేరు, సర్వే నంబరు ఏవీ చెప్పలేని నన్ను ఒక మనిషి తల్లి పేరు మీద ఊరిదానిగా ఒప్పుకుంది. పితృస్వామ్యం మన చేతికిచ్చిన ఆచారాన్నే ఒక ముసలమ్మ దాని నియమాలు పక్కనబెట్టి వాడుకుంది. ఈ రెండు మాటల్లో దేన్నీ వదులుకోలేను.

ఇంటికొచ్చాక రికార్డుల సంగతి ఆలోచించాను. తెలంగాణలో భూమి హక్కుకు మూలం 1954-55 నాటి కాస్రా పహాణీ. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అని అందులో గడులుంటాయి. అప్పటికి పెద్దవ్వ బొంబాయిలో తట్ట మోస్తోంది. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కంప్యూటరు మారినా దానికి పునాది ఆ పాత గడులే. చట్టం సంగతి చూస్తే, ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. కానీ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో సవరణ వచ్చింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. చట్టం ఇంత దూరం వచ్చేసరికి పెద్దవ్వ పోయింది, అమ్మమ్మ పోయింది. మిగిలిన అమ్మ చేతికి హక్కు వదులుకునే కాగితం వచ్చింది. చట్టం వెనక నుంచి ఆ కాగితం నడుస్తూనే ఉంది. పుట్టిల్లు తెగిపోతుందన్న భయంతో మన తల్లులు ఎంతమంది అలాంటి కాగితాల మీద సంతకం పెట్టలేదు!

ఆ నేలకు అడగడం తెలియక కాదు. ఈ ఇబ్రహీంపట్నం తాలూకాలోనే 1980ల మధ్యలో వ్యవసాయ కూలీ సంఘం లేచింది. వెట్టి నుంచి జీతగాళ్ళను విడిపించడానికి, దొరల చేతుల్లో ఉన్న భూముల కోసం దళితులు చేసిన ఆ పోరాటం గురించి గీతా రామస్వామి 2022లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకం 'ల్యాండ్, గన్స్, క్యాస్ట్, వుమన్'లో రాశారు. అది చదివాక పెద్దవ్వ వలస నాకు ఇంకోలా కనిపించింది. మన దగ్గర బేగారి అంటే కూలి లేకుండా చేసే చాకిరి. బొంబాయిలో ఇసుక, ఇటుక మోసే కూలీని బిగారీ అంటారు. మాట ఒక్కటే. పని కూడా ఒక్కటే, బరువు మోయడం. తేడా ఏమిటంటే అక్కడ సాయంత్రానికి చేతిలో డబ్బులు పడతాయి. చదువు లేని, భర్త లేని ఒక పిల్ల ఆ తేడా తెలుసుకుని రైలెక్కింది. ఇంట్లో ఎనభై ఏళ్ళు సిగ్గుగా దాచింది ఈ సంగతినే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెలంగాణ పోరాట స్త్రీల మాటలు సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరు పెట్టింది. తెలియకపోవడమే కాదు, తెలిసీ గొంతు తగ్గించి చెప్పుకున్న చరిత్ర కూడా మనకు చాలా ఉంది.

ఆ బియ్యం అమ్మ మరునాడే వండింది. ఒడిబియ్యం వండితే అయినవాళ్ళను పిలవాలంటారు. అపార్టుమెంటులో పక్కింటావిడనూ, పనికి వచ్చే ఆమెనూ కూర్చోబెట్టి వడ్డించింది. వాళ్ళ ముందే పెద్దవ్వ మారుమనువు సంగతి మామూలు గొంతుతో చెప్పింది. ఆ సాయంత్రం మామయ్యకు ఫోన్ చేసింది. 'గది వద్దనడం లేదు, వాటా కావాలనీ అనడం లేదు. కానీ నాకు హక్కు లేదన్న కాగితం మీద సంతకం పెట్టను. ఆ గది మా అమ్మమ్మ కష్టం. ముందు ఆ మాట కాగితంలో రాయి, తర్వాత మాట్లాడుకుందాం' అంది. మామయ్య ఫోను పెట్టేశాడు. నాలుగు నెలలైంది, ఇంతవరకు మాట్లాడలేదు. రాఖీకి అమ్మ పంపిన పోస్టు చేరిందో లేదో కూడా చెప్పలేదు. అమ్మ రాత్రిళ్ళు సరిగా నిద్రపోవడం లేదు. హక్కు అడగడానికి ఆడవాళ్ళు కట్టే ధర ఇదేనని నాకు తెలుసు. కానీ పుస్తకంలో చదవడం వేరు, పక్క మంచం మీద తల్లి అటూ ఇటూ పొర్లడం వినడం వేరు.

ఈ మధ్య నేను పాఠం చెప్పే తరగతిలో పిల్లలకు ఒక పని ఇచ్చాను. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ, ఆమె తల్లి, వీళ్ళ పేర్లూ పుట్టిన ఊళ్ళూ రాసుకు రమ్మన్నాను. చాలామంది మూడో పేరు దగ్గర ఆగిపోయారు. తాతల పేర్లయితే ఐదారు తరాలు చెప్పగలిగారు. ఇద్దరు అమ్మాయిలు మాత్రం వారం తర్వాత వచ్చారు. అమ్మమ్మలకు ఫోన్ చేసి అడిగితే ఆగకుండా గంటసేపు చెప్పారట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే 'ఎవరడిగారు?' అన్నారట.

అడగవలసిన వాళ్ళం మనమే. ఈ వ్యాసం చదివిన వాళ్ళు పుస్తకం మూసే ముందు ఆ నాలుగు పేర్లు ఒక కాగితం మీద రాసి చూడండి. ఖాళీ వచ్చిన చోట, చెప్పగలిగిన ముసలమ్మ ఇంకా బతికి ఉంటే, ఈ ఆదివారమే వెళ్ళి అడగండి.